మైదుకూరి మిద్దెలు, గవాచి మూఁత



కడపసీమ యనఁగానే మనలోఁ బలువురకు ముందుగాఁ దలఁపునకు వచ్చునది యెండ. నల్లని నాపబండలు, రోహిణికార్తె వడగాలులు, ఇసుక మాత్రమే మిగిలిన పెన్న, ఇవియే యా సీమకు గుఱుతులని వినియుందుము. అట్టిచోట ఇల్లు కురియుటను గూర్చి వ్రాసెదనన్నచో మీరు నవ్వుదురేమో. కాని యా నవ్వు మైదుకూరి యాఁడువారికి రాదు. ఏఁటికి ఇంచుమించు 700 మిల్లీమీటర్ల వాన గురియు నీ జిల్లాలో ఆ వాన సమముగాఁ బంచుకొని రాదు. నెలల తరబడి మొగము చాటుచేసి, ఏ యాశ్వయుజ కార్తికములందో తుపానుతోఁ గూడి వచ్చి, రెండు మూఁడు దినములలోఁ గుమ్మరించి పోవును. అంతకాలము ఎండి బీటలువాఱిన పైకప్పు ఒక్క రాత్రిలోఁ బరీక్షకు నిలువవలెను. ఎప్పుడును దడియుచుండు కోనసీమ యిండ్లకంటె ఎండసీమ యిండ్లకే యీ పరీక్ష కఠినమైనది.

నేను నెల్లూరిసీమలోఁ బెంకుటింటఁ బుట్టి పెరిగినదానను. మావారికి మైదుకూరి ప్రాంతమున నుపాధ్యాయపదవి లభించినపుడు బద్వేలు మార్గమున వచ్చితిమి. బద్వేలి చెంతనున్న గోపవరము మొల్ల నివసించిన యూరని పెద్దలు చెప్పుదురు. చిన్ననాఁడు తండ్రిగారియొద్ద ఆమె రామాయణము చదువుకొన్నదానను గనుక బస్సు కిటికీనుండియే యా దిక్కునకుఁ జేతులు జోడించితిని, బస్సు నిలువలేదు. తరువాత నొకవైపు లంకమల, ఒకవైపు నల్లమల, వాని నడుమ అడవిబాట. అడవి దాఁటఁగానే పసుపుచేలు, ఉల్లిమడులు, వరిపైరు కనఁబడినవి. ఎండసీమలో నీ పచ్చఁదన మెక్కడిదని యడిగితిని. ‘‘కే.సీ. కాలవ పుణ్యమమ్మా’’ యని ప్రక్కనున్న యామె చెప్పినది. తుంగభద్రపై సుంకేసులవద్ద మొదలై 300 కిలోమీటర్లకుఁ బైగాఁ బాఱు నీ కాలువ త్రవ్వకమును 1863లో నొక యింగ్లీషు కంపెనీ యారంభించెను. కంపెనీవారికి లాభము రాలేదు. 1882లో దొరతనమువారు దానిని గొనిరి. లాభము రాని యా కాలువయే నేఁటికిని ఈ చుట్టుప్రక్కల పెక్కిండ్లకు నన్నము పెట్టుచున్నది.

మైదుకూరు నాలుగు దారుల కూడలి. దక్షిణమునకు కడప, ఉత్తరమునకు ఆళ్లగడ్డ, నంద్యాలల మీఁదుగా కర్నూలు, పడమటికి ప్రొద్దుటూరు, తూర్పునకు బద్వేలు. కూడలిలో లారీల రొద. బ్రహ్మంగారి మఠమునకుఁ బోవు యాత్రికుల సందడి. ఆ రొదకు నాలుగడుగులు లోనికి వచ్చి పాతవీథుల మిద్దెలపై కెక్కినచో వేఱొక యూరు కనఁబడును. మిద్దెకు మిద్దె యానుకొనియుండును. వడియములు, మిరపపండ్లు, చింతపండు, కొమ్ముపసుపు, అన్నియు నక్కడనే యెండును. వేసవిరాత్రులలోఁ బడకయు నక్కడనే.

మిద్దె యనఁగా మావైపు మేడ యని యర్థము. ఇచ్చట ఒంటి యంతస్తు గల యింటి మట్టికప్పు కూడ మిద్దెయే. మూరెడునకు మించిన మందముగల గోడలపై దూలములు, దూలములపై అడ్డముగా దంతెలు, దంతెలపైఁ గొమ్మలును గడ్డియుఁ బఱచి, ఆపైన జేనెడు మట్టి పోసి త్రొక్కి, అన్నిటికిఁ బైన చౌడు పోయుదురు. చౌడనఁగాఁ బొలములోఁ బైరు మొలవనీయని మన్ను. రైతు దానిని దూషించును. దానిలో సోడా లవణములు మెండు. వానివలన నీరు తగులఁగానే మట్టిలోని సన్నని రేణువులు విడివడి, ఉబ్బి, సందులన్నిటిని మూసివేయును; మీఁది నీరు క్రిందికి దిగదు. పొలములో వేళ్లకు నీరందనీయని యా గుణమే యింటిలో దంతెలకుఁ దడి తగులనీయదు. వట్టి యెఱ్ఱమట్టి పోసిన కప్పు ఒక్క జడివానకే కురియును. చౌడు మిద్దె నిలుచును. పూర్వము చాకిరేవులలో బట్టల మురికి వదలించుటకు వాడిన సవుడును ఈ జాతిదే. ఏఁటేఁట వానలకు ముందు మిద్దెపై మొలచిన గడ్డిని వేళ్లతోఁ బెఱికి, గుంటలు పూడ్చి, క్రొత్తచౌడు పోయవలెను. ఒక్కయేఁడు మానినను మిద్దె జ్ఞాపకముంచుకొని పగ తీర్చుకొనును.

అయితే చౌడు కప్పు నడిమిభాగమును గాచును గాని యంచులను గాచుట దాని వశము కాదు. ఇండ్లు కురియునది మిక్కిలిగా రెండు వస్తువులు కలియుచోటనే. గోడయుఁ గప్పును గలియుచోట, నీరు బయటికిఁ బోవు దోనె చుట్టు, అన్నిటికంటె మిన్నగా గవాచి చుట్టు.

గవాచి యనఁగా మన గవాక్షమే. సంస్కృతమున నా మాటకు ఆవుకన్ను అని యర్థము. కావ్యములలో గవాక్షములనుండి పురస్త్రీలు రాజవీథిని బోవు నాయకుని జూతురు. మైదుకూరి గవాచి కప్పునకుఁ బెట్టిన రంధ్రము. వంటయింటి యిల్లాలు దానినుండి యాకసమును దక్క మఱేమియుఁ జూడనేరదు. పొగ పోవుటకును వెలుఁగు వచ్చుటకును అదియే దారి. వాన చినుకు పడఁగానే యెవరో యొకరు పైకిఁ బరుగెత్తి బండతోనో పాతబానతోనో మూయవలెను, వెలిసినతోడనే తీయవలెను. కదలక పడియుండు కప్పులోఁ గదలునది యిదొక్కటే. కదలునది గాన దాని చుట్టు సందు తప్పదు. సందున్నచోట నీరు తన దారి తాను వెదకికొనును.

మా ప్రక్కసందులో నొక మిద్దెలో డెబ్బదియేండ్లు దాఁటిన యవ్వ యొంటిగాఁ గాపురమున్నది. ఈ సీమలో బడిపంతులు అయివారు. అందుచే నన్నామె ‘అయివారమ్మా’ యని పిలుచును. కొడుకులు ప్రొద్దుటూరిలో నున్నారు. వారు తల్లికి మేలు సేయఁదలఁచి పనివానిని బంపి గవాచి చుట్టు సిమెంటు మెత్తించిరి. చూచుటకు నున్నగా, బలముగా నుండెను. ఒక్క వేసవి గడచెను. మొదటి జడివానకే వంటయింట నీరు ధారగట్టి పొయ్యిమీఁదఁ బడెను.

ఇందుకుఁ గారణము కష్టమైనది కాదు. మట్టి యెండకుఁ గుంచించుకొని తడికి నుబ్బును. సిమెంటు దానితోఁ గలిసి కదలదు. రెండును నొకదానినొకటి విడిచినచోట వెండ్రుకవంటి పగులు పడెను. అంతకంటెఁ జెఱుపైనది వేఱొకటి కలదు. పగులులో దూరిన నీటిని సిమెంటు మరల నార్చుకోనీయదు. క్రింది దంతె మొన నల్లఁబడి, వ్రేలితో నొక్కిన దిగఁబడుచుండెను. పనివాఁడు మరల వచ్చి యా పగులుపై మఱికొంత సిమెంటు రాచి పోయెను. తరువాతి వానకు ప్రక్కనే క్రొత్తపగులు కనఁబడినది. ఇల్లు కొట్టివేసి కాంక్రీటు పోయింతమని కొడుకులు, తాను బ్రదికియుండఁగా మిద్దె ముట్టవలదని యవ్వ. మాట పెరిగి పండుగకుఁ గూడ వారు రాని స్థితి యేర్పడెను. నీటి చుక్క యొకటి తల్లిబిడ్డల నడుమ నింత దూరము చేయఁగలదని నేను దలఁపలేదు.

తుదకు అవ్వయే పని యారంభించినది. నేనును పొరుగింటి కుఱ్ఱవాఁడును సాయము. మొదట నామె నాకు నేర్పినది, నీరు పడుచోటు వేఱు, దూఱుచోటు వేఱు అని. ‘‘నీళ్లు పడేది యాడనో సూడాకు తల్లీ, దూరేది యాడనో ఎతకల్ల’’ అనినది. నన్ను దీపముతో వంటయింట నిలిపి, తాను పైన గవాచికి దూరముగాఁ బల్లపువైపునఁ జెంబుతో నీరు పోయించి కొంతసేపు వేచినది. నాకేమియుఁ గానరాలేదు. పిదప కొంచెము దగ్గఱగా, ఆపైన మఱికొంత దగ్గఱగా, క్రిందినుండి మీఁదికి వరుస తప్పక పోయించినది. తుదకు గవాచికి ఎగువయంచునఁ బోసిన చెంబునకు, కొంత యాలస్యముగా, గవాచికి రెండుమూరల యవతల పొయ్యిమీఁదఁ జుక్క రాలెను. నీరు దంతె వెంట నడచిపోయి యక్కడ జాఱుచున్నది! మొదటనే పైభాగమునఁ గుండెడు నీరు గ్రుమ్మరించియున్నచో అంతయుఁ దడిసి యేది దారియో తెలిసెడిది కాదు.

సిమెంటునంతయు నులితో నెమ్మదిగాఁ దీయించి, పుచ్చిన దంతె మొనకుఁ దోడుగాఁ గ్రొత్తకొయ్య యొకటి చేర్పించి, రెండు దినములు ఎండనిచ్చిరి. ఆ యెండనిచ్చుటయే ముఖ్యమని యవ్వ పట్టుదల. తడిని లోన బెట్టి మూసినచోఁ బుచ్చు మానదు. పిదప నెఱ్ఱమట్టిలో సన్నముగాఁ గోసిన వరిగడ్డి కలిపి నానవేసి, పాతయంచును నీటితోఁ దడిపి, గవాచి చుట్టు నాలుగు వ్రేళ్ల యెత్తు కట్ట పెట్టించినది. ఆ కట్టకు వెలుపలివైపు వాలు తీర్చి, దానిపైఁ జౌడు మెత్తినది. అప్పుడు పడిన నీరు రంధ్రమువైపు చూడక బయటికి దొరలును. మూఁతబండ కట్టకంటె నన్నివైపుల జేనెడు పెద్దది. ఆవకాయజాడి మూఁతవలె అంచు బయటికి దిగుచున్నది. ఇఁక బండకును గట్టకును నడుమ సందు మిగిలెను గదా. దానికామె పాతచీర చించి, చుట్టి, దబ్బనముతోఁ గుట్టి పెద్ద చుట్టకుదురు చేసినది. నీటిబిందెకు మన తలపై నుంచుకొను చుట్టకుదురు వంటిదే. బండ దానిపైఁ గూర్చున్నప్పుడు కుదురు మెత్తగా నణఁగి గాలిని గూడ సందీయలేదు. బండ తీసినపుడు మరల నుబ్బి తన యాకారమునకు వచ్చెను. నెలకొకమాఱు దానిని విదిలించి యెండవేయవలెను. దానిపై నిసుక రేణువులు నిలిచినచో బండ సరిగా నానదు.

ఆ దినములలోనే అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునందున్న మా పినతల్లి కుమారుఁడు ఫోనులోఁ దన మోటారుయింటిని జూపెను. బస్సంత బండి, లోపలనే వంట, పడక, స్నానము. బండిని నిలిపి మీట నొక్కినచో ప్రక్కగోడలో నొక భాగము మంచముతోసహా బయటికి జరిగి గది వెడల్పగును; బయలుదేఱునపుడు మరల లోనికిఁ బోవును. వింతగానే యున్నది. కాని వాన వచ్చినపుడు ఆ జరుగు గది మీఁది మూలనుండి నీరు గాఱి నేలచెక్క మెత్తఁబడినదని మఱఁదలు వాపోయినది. తమ్ముఁడు ఆ సందులో గొట్టమునుండి వచ్చు జిగురుమందు దట్టించెనఁట; గది జరిగినతోడనే యది చినిఁగిపోయెనఁట. అవ్వ నా భుజముమీఁదుగాఁ దొంగిచూచి, ‘‘ఇది గవాచే గదమ్మా! అడ్డంగా ఉండాది, అంతే’’ అనినది.

ఆమె మాట యక్షరాల నిజము. ఆ గది చుట్టు నాలుగు ప్రక్కల రబ్బరుపట్టీ లుండును. ఒకటి తుడుచుకొనుచుఁ బోవునది, ఒకటి గొట్టమువలె నుబ్బియుండి యణఁగునది. అదియే వారి చుట్టకుదురు. మన కుక్కరు మూఁతలోని రబ్బరుచక్రమును దలఁచుకొనుఁడు. అది క్రొత్తదైనపుడు మెత్తగా నాను. వేఁడికి బిఱుసెక్కి పగిలినచో ప్రక్కలనుండి యావిరి పోవును. మెతుకొకటి యంటుకొన్నను మూఁత కుదురదు. అప్పుడు మనము జిగురు పూయము. కడుగుదుము, కానిచో మార్చుదుము. మోటారుయింటికి విధియు నిదియే. జరుగు గది నెత్తిపైఁ బడిన యాకులను, దుమ్మును గది లోనికి జరుపకముందే యూడ్వవలెను. లేనిచో నవి పట్టీ క్రింద నిఱికి నీటికి దారి చేయును. పట్టీలను సబ్బునీటితోఁ గడిగి, రబ్బరునకే చేసిన లేపము రాయవలెను. పెట్రోలు జాతి నూనెలు రబ్బరును ఉబ్బించి పాడుచేయును. బిఱుసెక్కిన పట్టీని అదే యాకారము గల క్రొత్తదానితో మార్చవలెను. మూలలలోఁ బట్టీలు ఒకదానిపై నొకటి కప్పుకొనునట్లు చేర్పవలెను, ఏలయన నీరు మొదట వెదకునది మూలనే. గది నాలుగువైపుల సమముగా నానుచున్నదో లేదో చూడవలెను. జిగురుమందులు కదలని యతుకులకే గాని కదలు సందులకుఁ గావు. ఇవన్నియుఁ దమ్ముఁడు చదివి తెలిసికొని చెప్పినవి. నీటిని క్రిందినుండి మీఁదికిఁ బోసి వెదకు విధానమును మాత్రము మైదుకూరినుండి నేను పంపితిని. వాఁడు పట్టీ మార్చెను. నేలచెక్కలోఁ బుచ్చిన భాగమును గోసివేయక తప్పలేదు. చెక్కను గాలితో నంగుళమంగుళమునకు నొక్కి చూచి యెంతవఱకుఁ బుచ్చెనో మఱఁదలే గుర్తించినదఁట.

మరల మైదుకూరికి వత్తము. మట్టిమిద్దెను బొగడుటలో నేను హద్దు మీఱుట లేదు. కురియు మిద్దెను నిర్లక్ష్యము చేయుట ప్రాణముమీఁదికిఁ దెచ్చును. కప్పునుండి దిగిన నీరు గోడలోనికి దిగినచో మట్టి నాని బరువెక్కును. పైని జేనెడు మట్టియుఁ దడిసి బరువెక్కును. అప్పుడు గోడ పొట్ట యుబ్బును, దూలము మొన గోడలో నొదుగును. గోడ మొదట నల్లని తడిచాఱ పైకి ప్రాఁకినను, దూలము క్రింద మట్టి రాలినను, తలుపు అకారణముగా బిగుసుకొన్నను ఆ రాత్రి యింటిలోఁ బండుకొనరాదు. 2021వ సంవత్సరము నవంబరులో జిల్లాలో వానలు విడువక కురిసి, 19వ తేదిన చెయ్యేటిమీఁది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామములు కొట్టుకొనిపోయిన సంగతి మీరందఱు వినియుందురు. ఆ దినములలో నవ్వ తన మిద్దె విడిచి పొరుగువారి యరుఁగుపైఁ బండుకొన్నదఁట. మిద్దె ముట్టవలదని కొడుకులతో వాదించిన యామెయే! ఆమె మమకారమునకుఁ గన్నులున్నవి.

కొడుకుల పక్షమునను న్యాయము లేకపోలేదు. చౌడు మునుపటివలె దొరకదు; ఊరిచుట్టునున్న చౌటినేలలు ఇండ్లస్థలము లగుచున్నవి. పదను తెలిసి మిద్దె త్రొక్కువారు ముసలివారైరి. పడుచువారు ఆ పనికి రారు. ఏఁటేఁటఁ గూలి యిచ్చి మిద్దె సవరించుటకంటె నొక్కమాఱు కాంక్రీటు పోయుట చవుకయని వారి లెక్క. కాంక్రీటును గురియును, అది వేఱు మాట. మా యింటి పిట్టగోడ మొదటనే ప్రతి తుపానుకు నొక మరక వెడల్పగుచున్నది. అయినను రాత్రివేళ ముసలితల్లి మీఁదఁ గప్పు పడునేమోయను భయము లేకుండ నిద్రింపవలెనని కోరు కొడుకులను దప్పుపట్టుట నాకు మనసొప్పలేదు. ఆ మాట యవ్వతోను అంటిని. ఆమె కొంతసేపు పలుకలేదు.

గవాచి రెండు వానలకు నిలిచినపిమ్మట కొడుకులు వచ్చి చూచిరి. పెద్దవాఁడు మూఁతబండ నెత్తి చుట్టకుదురును నొక్కి నొక్కి చూచెను. ఆ రాత్రి భోజనములైన తరువాత నొక యొడంబడిక కుదిరినది. ముందుగది గోడ నిజముగనే పొట్టయుబ్బినది గాన దానిని దింపి కాంక్రీటుగది కట్టుదురు. అవ్వ పండుకొనుట యందులోనే. వెనుక వంటయిల్లును గవాచియు మిద్దెగానే యుండును.

వేసవిలో నా గది లేచినది. ఇప్పుడు క్రొత్తగోడయుఁ బాతమిద్దెయు గలియుచోట మఱియొక సందు పుట్టెను. మేస్త్రీ దానిలో సిమెంటు నింపఁబోఁగా నవ్వ చేయి పట్టుకొని యాపినది. ‘‘రెండిట్నీ కట్టేయాకప్పా. కొత్తదానికి బండ గుచ్చు, పాతదాని మీదికి వాల్చు, తగిలీ తగలనట్ల ఉండనీ’’ అనినది. ఆమె చెప్పినట్లే సన్నని నాపబండల వరుసనొకదానిని క్రొత్తగోడలో మాత్రము బిగించి, మిద్దెపైకి మూరెడు వాలుచూపుగా నిలిపిరి. బండ మట్టి నంటదు. గోడ దిగినను మిద్దె యుబ్బినను దేని కదలిక దానిదే. పైనుండి జాఱిన నీరు బండమీఁదుగాఁ జౌటిపైకి, చౌటిమీఁదుగా దోనెలోనికిఁ బోవును. చిత్తకార్తె చినుకులకు బండ క్రింద తడి కనఁబడలేదు. స్వాతిలో జడి పట్టినపుడు దీపము తీసికొని మొదట నక్కడనే చూడవలెనని యవ్వ నాతోఁ జెప్పియున్నది.